కందిచేలో ముయ్యి

మా ఊళ్ళో మిరప కోతలు మొదలయ్యేది క్రిస్మస్ వెళ్ళిన మర్నాటి నుంచి. కాయ ఎరుపెక్కడానికీ పండక్కీ సంబంధమేమీ లేదు. కోసేవాళ్ళు పండగ చేసుకున్నాకే బస్సెక్కుతారు, అంతే. కర్నూలు జిల్లా ఆలూరు దిక్కు నుంచి మూటలతో, గిన్నెలతో, ఒక్కోసారి కోళ్ళతో సహా దిగుతారు. మా గట్ల మీద గుడిసెలు వేసుకుని ఎండలు ముదిరేదాకా ఉండి పోతారు. ఈ వలసను వాళ్ళు సుగ్గి అంటారు. గుంటూరు మిరపకాయ ఘాటు గురించి ఊరూరా గొప్పలు పోయే మేము, దాన్ని కోసే చేతులు ఎక్కడివో మాత్రం చెప్పుకోం.

మా చేలో దిగే ముఠాకి పెద్ద మార్తమ్మ. ఆమె, ఆమె భర్త దేవదానం ఏళ్ళ తరబడి వస్తున్నారు. నా భార్య సుశీలా మార్తమ్మా పొద్దుగూకాక వసారాలో కూర్చుంటే నా కాఫీ సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు. పోయిన వేసవిలో ముఠా వెళ్ళిపోయాక సుశీల చనిపోయింది. మార్తమ్మ ఫోనులో ఏడ్చింది. ఆ తర్వాత మాట్లాడుకోలేదు.

ఈసారి డిసెంబరు వచ్చినా వాళ్ళ నుంచి కబురు లేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. కోసేవాళ్ళు లేకపోతే కాయ చెట్టు మీదే తాలైపోతుంది. అందుకని వాళ్ళు ఇన్నాళ్ళూ వచ్చిన దారినే, ఎదురు దిక్కుగా నేను బయల్దేరాను. అది పైకి చెప్పిన కారణం. సుశీల లేని ఇంట్లో సాయంత్రాలు గడవడం లేదన్నది లోపలి కారణం.

ఓర్వకల్లు మీదుగా

నంద్యాల దాటాక బస్సు సగం ఖాళీ అయింది. కిటికీలోంచి చూస్తే మా వైపు కనబడే కాలవ, కాలవ పక్కన పచ్చదనం, ఏదీ లేదు. కోసేసిన చేలు, గుండ్రాళ్ళు, మధ్యలో అక్కడక్కడా పసుపు పచ్చగా పూసిన కంది సాళ్ళు. నీళ్ళు లేనిచోట అంత పువ్వు ఎలా పూసిందా అని చూస్తూ కూర్చున్నాను.

పక్క సీట్లో కర్నూల్లో కుట్టుమిషన్లు బాగుచేసే ఒకాయన కూర్చున్నాడు. ఓర్వకల్లు దగ్గర రాతి కొండలు రాగానే వేలు పెట్టి చూపించాడు. అటు విమానాశ్రయం, ఇటు ఫ్యాక్టరీల కోసం తీసుకున్న నేల, ఆ కంచె లోపల వాళ్ళ నాన్న కందులు విత్తిన చేను. ఇప్పుడు పప్పు అంగట్లో కొంటున్నాడట. కొన్నప్పుడల్లా ఒక పలుకు నోట్లో వేసుకుని చూస్తాడట, తమ చేని రుచి తగులుతుందేమోనని. తగలదని ఆయనకీ తెలుసు. దిగేటప్పుడు నా సంచి అందించి, ఇంట్లో వాళ్ళు రాలేదా అని అడిగాడు. లేరని చెప్పాను. ఆయన తల ఊపి దిగిపోయాడు. లేరన్న మాటను ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో నాకింకా అంతుబట్టలేదు.

కర్నూలు: ఒక్కరేనా?

లాడ్జిలో కుర్చీలో ఉన్న మనిషి నా ఆధార్ కార్డు చూసి, నా వెనక్కి చూసి, "ఒక్కరేనా సార్?" అన్నాడు. ఒక్కణ్ణే అన్నాను. ఒంటరిగా వచ్చినవాళ్ళకి గది ఇవ్వరట. ఎందుకని అడిగితే నసిగాడు. ఎవరో ఇలాగే ఒంటరిగా వచ్చి గది తీసుకుని మళ్ళీ తలుపు తీయలేదట. అప్పటి నుంచి యజమాని కట్టడి చేశాడట.

అక్కడి అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, చంకలో సంచి. చావడానికి వచ్చినవాడిలా ఉన్నానా అని ముందు నవ్వొచ్చింది. మెట్లు దిగేసరికి ఆ నవ్వు పోయింది. సుశీల పక్కనుంటే ఇదే మనిషి చిరునవ్వుతో తాళం చెవి ఇచ్చేవాడు. నా మర్యాదలో సగం ఆమెదేనన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియలేదు. బస్టాండు దగ్గర వరసగా మంచాలు వేసిన ఒక పెద్ద గదిలో ఎవరూ ఏమీ అడక్కుండా చోటిచ్చారు.

పొద్దున ఉగ్గాని తిన్నాను. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. నాది గుంటూరు అని తెలిశాక హోటలాయన అడక్కుండా ఇంకో రెండు బజ్జీలు వేసి, మీ మిరపకాయ మీకే తిరిగిస్తున్నానన్నాడు. టీతో కలిపి మా దగ్గర రెండు ఇడ్లీలకయ్యే డబ్బులకే కడుపు నిండింది. అంత రుచిగా ఉన్నా, ఇది బాగుంది కదా అనడానికి ఎదురు కుర్చీలో ఎవరూ లేరు. ఆ మాట బజ్జీతో పాటే మింగేశాను.

ఆలూరు దిక్కు

ఆలూరు నుంచి ఆటోలో మార్తమ్మ పల్లెకి పోయాను. వీధిలోకి అడుగు పెడితే ఇళ్ళన్నిటికీ తాళాలు. కొన్ని గుమ్మాలకి తాళంతో పాటు కంపకొమ్మ అడ్డం పెట్టారు, కుక్కలు దూరకుండా. పత్తి తీసే కూలికని సగం ఊరు ముందే వేరే చోట్లకి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో ఆ గుడిసెల సందడి చూసినప్పుడు, వాళ్ళు వచ్చిన చోట ఇంత నిశ్శబ్దం మిగులుతుందని ఎన్నడూ అనుకోలేదు.

చర్చి అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు దావీదు. చూపు సరిగా ఆనదు. నా అడుగుల చప్పుడుకి తలెత్తి, "ఎవరప్పా, యాడికి పోతాండావు? ఇండ్లన్నీ బీగాలే ఉండాయి" అన్నాడు. మార్తమ్మ కోసమంటే ఊరి వెనక నల్లరేగడి వైపు చెయ్యి చూపించాడు. కంది ఆమెకు దయ్యంలా పట్టిందని కూడా చెప్పాడు.

చేను చేరేసరికి మార్తమ్మ రెండు సాళ్ళ నడుమ ఒక పెద్ద పట్ట పరిచి, దాని ఒక కొస మీద రాయి పెట్టి, రెండో కొస ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో కంది చెట్టును వంచి దులుపుతోంది. మా వైపు ఆ పట్టను బరకం అంటాం, కాయ ఎండబోసినప్పుడు మంచుకి కప్పుతాం. చెట్టు దులిపినప్పుడల్లా పచ్చటి పురుగులు పట్ట మీద టపటపా రాలుతున్నాయి. రాయి ఉన్న వైపు పట్ట నేలకి అంటుకుపోయి, సగం పురుగులు మట్టిలోకి పాకిపోతున్నాయి. గంపలో తెచ్చిన కోళ్ళు నాలుగు వెనకాలే తిరుగుతున్నాయి. ఆమె నన్ను చూసి కొస వదిలేసింది.

"అక్క లేకుండా ఒగనివే వస్తివా అన్నా" అంది.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సుశీల చనిపోయాక ఇంటికి ఎంతోమంది వచ్చారు, చాలా మాటలు చెప్పారు. ఇంత సూటిగా ఎవరూ అనలేదు.

ఫోను ఎందుకు ఎత్తలేదని తర్వాత అడిగాను. ఎత్తితే రామని చెప్పాల్సి వస్తుందని, చెప్పడానికి ధైర్యం చాల్లేదని అంది. ఆపైన చెప్పాల్సిందంతా ఒకేసారి చెప్పేసింది.

"ఈ కంది చేతికొస్తే మేము సుగ్గికి రామన్నా. పురుగు తినేస్తే వస్తాం. అంతే ఉండాది కత."

పట్ట

ఆమె కథ నిజంగా అంతే, అయితే వినడానికి ఒక పూట పట్టింది. కంది వీళ్ళకి కొత్త పంట కాదు. ఇంటికి పప్పు చాలినంత గట్టు వెంబడి చల్లుకోవడం ఎప్పుడూ ఉంది. ఈసారి మార్తమ్మ చేనంతా విత్తింది. మధ్యలో కొర్ర వేసింది. కొర్ర ముందే కోతకొచ్చి తిండిగింజలకి పనికొచ్చింది, కంది సాళ్ళు ఎడంగా నిలబడ్డాయి. నీళ్ళు పెట్టే పని లేదు. రాలిన ఆకు నేలకే ఎరువు, కట్టె పొయ్యిలోకి, పొట్టు ఎద్దులకి. పారేసేదంటూ లేని పంట. ఖర్చు అంత తక్కువ కాబట్టి ధర కాస్త అటూ ఇటూ అయినా మిగులుతుందని ఆమె లెక్క. నేను మిరపకి పోసే మందుల బిల్లు గుర్తొచ్చింది.

చెట్టు నడుము ఎత్తుకి రాకముందే మార్తమ్మ కొసలు తుంచేసింది. కొస తుంచితే పక్కకొమ్మలు గుబురుగా వస్తాయి, ప్రతి కొమ్మా కాస్తుంది. దేవదానానికి అది నచ్చలేదు. పెరిగే చెట్టు తల గిల్లుతావా అని తగువు పెట్టుకున్నాడట. తర్వాత కొమ్మలు విరగబూసి ఆయన నోరు మూయించాయి. సరిగ్గా ఆ పూత మీదే వారం పాటు ముసురు పట్టింది, పచ్చపురుగు దిగింది. మందు కొట్టారు. చిన్నవి చచ్చాయి, ముదిరినవి చావలేదు. ముదిరిన పురుగుకి దులపడం ఒక్కటే దారి, దులపడానికి ఇద్దరు కావాలి. ఆ సమయంలో దేవదానం చేను చూసి, ఇది పోయిందిలే, మూట కట్టు అన్నాడు. ఈమె కట్టనంది. ఆయన అలిగి ఒంటిమిట్ట దగ్గర అరటితోటకి కాపలాకి పోయాడు. అక్కడి నుంచి ఫోను ఎత్తడం లేదు. ఫోను ఎత్తకపోవడం మొగుడూ పెళ్ళాలిద్దరికీ అలవాటేనన్నమాట.

పూర్వం అయితే ఊరంతా ముయ్యికి వచ్చేవాళ్ళట. అంటే ఈ రోజు నేను నీ చేలోకి, రేపు నువ్వు నా చేలోకి. కూలి ఉండదు, పనికి పని తీరుస్తారు. మా వైపూ బదులు పని ఉండేది, దాన్ని మరిచిపోయి చాలా కాలమైంది. ఊరే సుగ్గికి పోయాక ముయ్యికి ఎవరొస్తారు?

ఆ రాత్రి నాకు చర్చి వసారాలో దావీదు తాత పక్కన చాప వేయించింది. పొద్దున్నే ఆమె మళ్ళీ పట్ట పరిస్తే, నేను రాయి పక్కకి దొర్లించి ఆ కొస పట్టుకున్నాను. ఆమె వద్దంది. ఊరికే నిలబడలేనన్నాను.

మొదటి సాలులోనే నా గొప్ప తెలిసిపోయింది. బరకం లాగడం నాకు రాదా అని మిరప కళ్ళంలో లాగినట్టు విసురుగా లాగాను. కొర్ర కొయ్యకాళ్ళకి తగులుకుని పట్ట బారెడు చిరిగింది. పురుగులన్నీ ఆ చిరుగులోంచి కిందికి జారిపోయాయి. మార్తమ్మ పిన్నీసులు తెచ్చి చిరుగు కలిపింది, పొలంలో పిన్నీసులు ఎందుకు పెట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. ఆ తర్వాత ఆమె చెప్పినట్టే చేశాను. పట్ట కాస్త ఎత్తి పట్టుకుని మెల్లగా జరగాలి, చెట్టును కొట్టకూడదు, మొదట్లో పట్టుకుని ఊపాలి. కొడితే పిందె కూడా రాలుతుంది. సాలు చివర రెండు కొసలూ కలిపి కోళ్ళ ముందు దులపాలి. ఒక పురుగు నా పంచెలో దూరి మోకాలి దాకా పాకితే నేను వేసిన గంతుకి ఆమె పగలబడి నవ్వింది. సుశీల ఉంటే ఇంతకన్నా ఎక్కువ నవ్వేదని ఇద్దరికీ ఒకేసారి తోచినట్టుంది, ఇద్దరం ఒకేసారి ఆపేశాం.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చి కందిగింజల కూర పెట్టింది. ఆ రాత్రీ చర్చి వసారాలోనే పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పట్ట పట్టాం. రాలిన ప్రతి పురుగూ నా కోతకి ఒక మనిషిని తగ్గిస్తోందని తెలుస్తూనే ఉంది. నా మిరపకి నేనే మంగళం పాడుకుంటున్నాననిపించింది. అయినా పట్టకి అవతల కొసన ఒక మనిషి ఉండటం, నేను ఆగితే ఆమె ఆగడం, నేను కదిలితే ఆమె కదలడం ఎంతో కాలానికి దొరికింది. నేను దాన్ని వదులుకోలేకపోయాను.

సాయంత్రానికి చివరి సాలు అయింది. పురుగు పూర్తిగా పోలేదు, ఇంకోసారి దులపాలి. అయితే కాయ నిలబడుతుందన్న నమ్మకం మార్తమ్మ మొహంలోకి వచ్చింది. దేవదానాన్ని చూసి పోతానంటే, ఒక గుడ్డలో పచ్చి కందికాయలు మూటగట్టి నా చేతికిచ్చింది.

"ఆయప్పకి ఇయ్యన్నా. ఏమీ చెప్పాకు. గింజ చూస్తే ఆయప్పకే తెలుస్తాది."

ఒంటిమిట్ట

గుంతకల్లులో రైలెక్కి కడపలో దిగి, ఒంటిమిట్టకి బస్సులో చేరాను. ఆలూరు నలుపు పోయి ఇక్కడ అరటి, బొప్పాయి, చెరువు. ముందు గుడికి పోయాను. ఆ పెద్ద గోపురాల కింద యాత్రికులు గుంపులుగా ఫోటోలు దిగుతున్నారు. నాకు ఫోనిచ్చి తీయమన్నవాళ్ళే గాని పక్కన నిలబడమన్నవాళ్ళు లేరు. గర్భగుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు. విడదీయడానికి వీల్లేకుండా చెక్కిన వాళ్ళ ముందు నేను ఏం కోరుకోవాలో తెలియక, దేవదానం ఇంటికి పోవాలని కోరుకుని బయటికొచ్చాను.

అరటితోటలో దేవదానం మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కంగారుగా లేచి, కోతకి మనుషుల్ని పంపలేకపోతున్నందుకు ఏదో చెప్పబోయాడు. మూట ఇచ్చాను. విప్పాడు, వాసన చూశాడు. ఒక కాయ ఒలిచి గింజలు అరచేతిలో పోసుకున్నాడు. ఇంకోటి ఒలిచాడు. పురుగు తొలిచిన చిల్లి కోసం కాయ కాయనీ తిప్పి తిప్పి చూశాడు. చివరికి గింజలు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"పట్ట రెండో కొస ఎవురు పట్టినారు?" అని అడిగాడు.

నేనేనన్నాను. నా చేతుల మీద కంది కొమ్మలు గీరిన గీతల వైపు చూశాడు. ఆ తర్వాత నా మొహం వైపు చూడలేదు.

"అయితే నీకు ముయ్యి పడినాం అన్నా" అన్నాడు.

కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి నాకు సగం పెట్టాడు. తిన్నాక తోట యజమానికి ఫోను చేసి, ఇంకొకణ్ణి చూసుకోమన్నాడు. సాయంత్రం స్టేషనులో ఆయనది గుంతకల్లు వైపు బండి, నాది ఆ తర్వాత ఇంకో వైపు. ఆయన బండి ముందొచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ పోయాడు. ఎదురుచూసే ఇంటికి పోతున్న మనిషి ఎలా ఉంటాడో చాలా దగ్గరగా చూశాను, ఈర్ష్య పడ్డాను.

మళ్ళీ మా ఊరు

క్రిస్మస్ వెళ్ళింది. ఆలూరు బస్సులో మా చేలోకి ఎవరూ దిగలేదు. మా ఊరివాళ్ళనే బతిమాలి, దొరికినంతమందితో కోయించాను. కింది చెక్కలో, అంటే పల్లం వైపు చేని ముక్కలో, కాయ అలాగే ఉండిపోయింది.

సంక్రాంతి దాటాక ఒక ఉదయం గేటు చప్పుడైతే చూశాను. మార్తమ్మ, దేవదానం. మూటా లేదు, గిన్నెలూ లేవు, ఒక చిన్న బస్తా మాత్రం ఉంది. కంది నూర్చారట, అనుకున్నదానికన్నా బాగానే దిగుబడి వచ్చిందట. బస్తాలో ఇంట్లో విసురుకున్న పప్పు ఉంది. మార్తమ్మ సుశీల ఫోటో ముందు కాసేపు నిలబడింది. ఆ తర్వాత ఇద్దరూ నేరుగా కింది చెక్కలోకి దిగి కోత మొదలుపెట్టారు. కూలి సంగతి ఎత్తితే దేవదానం చెయ్యి అడ్డం పెట్టాడు. ముయ్యికి కూలి ఉండదు.

ఆ రోజంతా కోశారు. రాత్రి వసారాలో పడుకున్నారు. ఇంట్లో మనుషుల ఊపిరి వినబడుతుంటే నాకు బాగా నిద్ర పట్టింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక, సాళ్ళు ఇంకా మిగిలి ఉండగానే చేతులు కడుక్కుని బయల్దేరారు. నేను వాళ్ళ చేలో రెండు నిండు రోజులు చేశాను కదా, వాళ్ళు ఇద్దరైనా ముయ్యిలో రోజులదే లెక్క కదా, ఒక పూట తక్కువైందే అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. అడగడానికి సిగ్గేసింది. అసలు బాధ పూట గురించి కాదు, లెక్క తీరిపోతే ఇక వాళ్ళు రావడానికి ఏ కారణమూ ఉండదని.

మార్తమ్మ కనిపెట్టింది. గేటు దాటి వెనక్కి తిరిగింది.

"ఒగ పూట ఉంచుకున్యాం అన్నా. అంతా తీర్చేస్తే మళ్ళ యాల రావల్ల?"

బస్సు పోయేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను. చీకటి పడకముందే మంచు మొదలైంది. కళ్ళంలో కాయ ఆరబోసి ఉంది. బరకం ఒక కొస మీద రాయి పెట్టాను, రెండో కొస పట్టుకుని మెల్లగా లాగాను.